సముద్రములు దాటిన సోదరులు

బాలలారా! నేడు మన తొండూరు వంటి పల్లెలవారును బిడ్డలను విదేశములకు చదువులకై పంప దలచుచున్నారు. నూరేండ్లకు పూర్వమే అట్లేగిన ఇరువురు తెలుగు సోదరుల కథ వినుడు.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించెను. నిత్యానందుడు అతని తమ్ముడు. తండ్రి నారాయణయ్య ప్రభుత్వోద్యోగి. ఆ కుటుంబము కొంతకాలము మన కడపలో నివసించెను. 1905లో అచటనే తల్లి సంజీవమ్మ మరణించెను. 1909లో తండ్రి బిడ్డలతో మద్రాసు చెంతనున్న అడయారు చేరెను. అచటి దివ్యజ్ఞాన సమాజమునకు అధ్యక్షురాలైన అనీబిసెంటు 1911లో ఆ సోదరులను ఇంగ్లండునకు తోడ్కొని పోయెను. చిన్నవానికి అప్పుడు పదమూడవ ఏడు. ఆ యేటనే తిరిగివచ్చి, 1912లో వారు మరల ఓడ యెక్కిరి.

తన బిడ్డలను తనకిప్పింపుడని తండ్రి న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. మద్రాసు హైకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. 1914లో లండనునందలి ప్రీవీ కౌన్సిలు దానిని త్రోసిపుచ్చెను. సోదరులు 1921 తుదివరకు స్వదేశమును చూడలేదు.

నిత్యానందుడు న్యాయశాస్త్రము నభ్యసించెను. కృష్ణమూర్తి లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో పలుమారులు తప్పెను. అయినను పిదప లోకమంతయు ఆతని ప్రసంగములను శ్రద్ధతో వినెను. కాని అమ్మ నేర్పిన తెలుగును మాత్రము ఆతడు మరచిపోయెను. పరీక్షలో తప్పుట కంటె ఇదియే పెద్ద నష్టము కాదా?

మదనపల్లె చెంత ఋషివ్యాలీ వసతి పాఠశాల వెలయుటకు ఆతడే కారకుడు. ఒక బాలుని మరియొకనితో పోల్చరాదని ఆతడు బోధించెను.

బాలలారా! ఏ దేశమున చదివినను, ఇంటికి వారమున కొక జాబు తెలుగున వ్రాయుడు.