పని మారు దినములలో ముందు నడచువారు

ఈ మాసపు బైబిలు పాఠము
చదువవలసిన భాగము: నెహెమ్యా 1 నుండి 7:2 వరకు



మా సంఘములో ఒక సహోదరి కలదు. ఇరువది యేండ్లుగా ఆమె వరినాట్లకును కోతలకును ముఠా కట్టి స్త్రీలను పొలములకు తీసికొని పోవుచున్నది. ఆమె ముఠాలో 22 మంది. రైతుతో ఎకరమునకింత అని బేరమాడుట, తెల్లవారక ముందే అందరిని లేపుట, సాయంకాలము లెక్క చూచి కూలి పంచుట ఆమె పని. కొన్ని యేండ్ల క్రితము మా ప్రాంతమునకు వరికోత మిషను వచ్చెను. మొదట టైర్ల మిషను వచ్చినప్పుడు, బురద పొలములైనను మనకు మిగులునులే అని వారనుకొనిరి. తరువాత చైను మిషను వచ్చి ఆ బురదలోనికిని దిగెను. ముఠా అంతయు దినమెల్ల వంగి కోయు పని అది గంట రెండు గంటలలో ముగించి, గింజలు ట్రాక్టరులో పోసి వెళ్లుచున్నది.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, గుడి అరుగు మీద ఆ ముఠాలోని స్త్రీ యొకతె ఆమెను అడిగెను: "అక్కా, వచ్చే పంటకి మనకి పనుంటదా? ఉండదంటే ఇప్పుడే చెప్పు. మా ఆయనతో ఇటుకబట్టీకి పోతాను."

ఆమె జవాబు చెప్పలేకపోయెను. ఆ సాయంకాలము నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నాకే తెలియనిది వాళ్లకేం చెప్పను? ఉంటదంటే అబద్ధం. తెలియదంటే ముఠా విరిగిపోద్ది" అనెను.

ఈ కష్టము ఆమె యొక్కతెదే కాదు. ఫ్యాక్టరీలో పదిమందికి పని చెప్పు మేస్త్రికిని, కొత్త పద్ధతులు వచ్చిన బడిలో హెడ్మాస్టరుకును, ఆసుపత్రిలో పెద్ద నర్సుకును, సంఘ పెద్దకును ఇదే కష్టము వచ్చును. తనకే దారి సరిగా కనబడనప్పుడు, వెనుక వచ్చువారిని ఎట్లు నడిపించవలెను? ఈ ప్రశ్న మనస్సులో ఉంచుకొని నెహెమ్యా గ్రంథము తెరువుదము. నెహెమ్యా ప్రవక్త కాడు, యాజకుడు కాడు. రాజు కొలువులో ఉద్యోగము చేయువాడు. పనివారిని నడిపించు మనకు అతడు దగ్గరివాడు.

1. ముందు చూచెను, తరువాత పలికెను

అర్తహషస్త రాజు ఏలుబడిలో 20వ సంవత్సరము. మన లెక్కకు క్రీస్తు పూర్వము 445 ప్రాంతము. షూషను కోటలో రాజునకు గిన్నె అందించు నెహెమ్యాకు యెరూషలేము సంగతి తెలిసెను: ప్రాకారము కూలియున్నది, గుమ్మములు కాలిపోయినవి. అతడు ఏడ్చెను, ఉపవాసముండెను, ప్రార్థించెను. కిస్లేవు మాసము నుండి నీసాను మాసము వరకు, అనగా రమారమి నాలుగు నెలలు, ఆ భారము మోసెను. రాజు, నీ ముఖమేల చిన్నబోయినదని అడిగినప్పుడు తాను మిగుల భయపడితినని అతడే వ్రాసికొనెను (2:2). ధైర్యమనగా భయము లేకుండుట అని మనము తలంచుదుము. నెహెమ్యాకు భయము కలిగెను. అయినను నోరు తెరచెను. తెరచినప్పుడు అతని యొద్ద సిద్ధమైన మాటలుండెను: ఎంత కాలము కావలెను, ఏ అధికారులకు ఉత్తరములు కావలెను, మ్రాను ఎక్కడి నుండి రావలెను. నాలుగు నెలల ప్రార్థనలో ఆలోచనయు జరిగెనని దీనివలన తెలియుచున్నది.

యెరూషలేము చేరిన తరువాతనైనను వెంటనే ఉపన్యాసమియ్యలేదు. మూడు దినములు ఊరకుండెను. రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడ వెంబడి తిరిగి చూచెను. ఒకచోట అతడెక్కిన పశువు పోవుటకు సందు లేకపోయెను (2:14). అంత దగ్గరగా చూచెను. తాను చూడని దానిని గూర్చి అతడు మాట ఇయ్యలేదు.

ఈ భాగము చదివి నేను ఆ సహోదరితో, "అమ్మా, జవాబు రేపే చెప్పనక్కరలేదు. ముందు గోడ చుట్టూ తిరిగి రా" అంటిని. ఆమె తన కుమారుని మోపెడు మీద నాలుగు దినములు చుట్టుప్రక్కల ఊళ్లు తిరిగెను. ఏ రైతు మిషను పిలుచును, ఎవరి చిన్న మడిలోనికి మిషను తిరుగదు, ఎవరు మిరప వేసిరి, కోతకు ఎందరు కావలెను, ఇవన్నియు బడి పిల్లల నోటుబుక్కులో వ్రాయించుకొని వచ్చెను. వరికోత మిషను వచ్చినను మిరపకాయ కోతకు ఇంకను మనుష్యుల చేతులే కావలెనని ఆ పుస్తకము చెప్పెను.

2. ఉన్నది ఉన్నట్టు చెప్పెను

నెహెమ్యా పెద్దలను పిలిచినప్పుడు (2:17, 18) రెండు సంగతులు చెప్పెను. మొదటిది వారి దురవస్థ. దానిని తక్కువ చేయలేదు. రెండవది దేవుని హస్తము తనకు ఎట్లు తోడైనదో, రాజు ఏమి సెలవిచ్చెనో ఆ సమాచారము. కష్టము మాత్రమే చెప్పువాడు జనులను కృంగదీయును. ఆశ మాత్రమే చెప్పువాడు కొన్ని దినములకు అబద్ధికుడగును. రెండును కలిపి చెప్పినవాని మాటను జనులు నమ్మిరి, లేచి పని మొదలుపెట్టిరి.

మరియొకటి గమనించుడి. కోటలో సుఖముగా నుండినవాడు, నిన్న మొన్న వచ్చినవాడు, "మీ కష్టము" అనలేదు. మనకు కలిగిన కష్టమని తన్ను వారితో కలుపుకొనెను. పని చెప్పు పెద్ద నోట "మీరు" అను మాట ఎన్నిసార్లు వచ్చును, "మనము" అను మాట ఎన్నిసార్లు వచ్చును? ఒక దినము లెక్కపెట్టి చూడుడి.

3. ఎవరి ఇంటి యెదుట వారికి పని

మూడవ అధ్యాయము పేర్ల పట్టిక యని మనము దాటి పోవుదుము. అందులో ఎవరున్నారో చూడుడి. యాజకులున్నారు, కంసాలులున్నారు, సుగంధద్రవ్యములు చేయువారున్నారు, వర్తకులున్నారు. షల్లూము అనువాడు తన కుమార్తెలతో కూడ గోడ బాగుచేసెను (3:12). సన్నని బంగారు తీగె లాగిన చేతులకు రాయి ఎత్తుట క్రొత్త పనియే గదా! అయినను నేర్చుకొనిరి. పలువురికి తమ ఇంటి యెదుటి భాగమే అప్పగింపబడెను. గోడ అంతయు తలంచుకొన్న మనస్సు బెదరును. నా ఇంటి యెదుటి పది మూరలు అనిన చేతికి పని దొరకును. రేపేమగునో తెలియని కాలములో, ఈ దినము నేనేమి చేయవలెనో స్పష్టముగా తెలియుటయే మనుష్యునికి గొప్ప బలము.

తెకోవ ఊరి ఘనులు ఈ పనికి మెడ వంచలేదు (3:5). నెహెమ్యా దానిని ఒక్క మాటలో వ్రాసి ముందుకు పోయెను. ఆ ఊరి సామాన్యులు తమ భాగము ముగించి మరియొక భాగము కూడ కట్టిరి (3:27). రానివారి కొరకు పని ఆగలేదు.

ఇట్టిది మన తెలుగు దేశములోనే జరిగినది. 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరవు వచ్చినప్పుడు, ఒంగోలులో మిషనరీగా నుండిన జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ఒక భాగము త్రవ్వు కంట్రాక్టు తీసికొనెను. యౌవనమున అమెరికాలో భూములు కొలుచు పని చేసినందున ఆ నేర్పు అతనికుండెను. అతనితో కూడ పనిచేయు బోధకులు బైబిలు చేత పట్టుకొని ఊరూర తిరిగినవారు. ఇప్పుడు కాలువ గట్టున కూలీలకు మేస్త్రీలైరి. అది వారు నేర్చిన పని కాదు. ఆకలిగొన్నవారు ఎదుట నిలిచిరి గనుక నేర్చుకొనిరి. కరవు సహాయము కొరకే జనులు మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు ఆ కాలమంతయు క్లౌ దొర బాప్తిస్మములు ఆపియుంచెను. కంగారు దినములలోను పనికి మర్యాద ఉండవలెనని ఆ పెద్ద ఎరిగియుండెను.

4. సగము గోడ దగ్గర

గోడ సగమెత్తు వరకు లేచెను (4:6). అప్పుడే బరువులు మోయువారి బలము తగ్గినది, చెత్త విస్తారముగా నున్నది, కట్టలేము అను మాట పుట్టెను (4:10). ఆ మాట సన్బల్లటు నోట రాలేదు, టోబీయా నోట రాలేదు; యూదావారి నోటనే వచ్చెను. ఏ పనికైనను మొదట ఉత్సాహముండును, కడపట సంతోషముండును. నడుమ చెత్త కనబడును. మనుష్యులు విడిచిపోవునది ఆ నడిమి దినములలోనే.

నెహెమ్యా వారిని గద్దింపలేదు. కుటుంబములుగా నిలువబెట్టెను, తనవారి ప్రక్కన నున్నవాడు త్వరగా పారిపోడు. సగముమంది పని చేయగా సగముమంది కావలి కాసిరి. పని విస్తారమై జనులు దూరదూరముగా నున్నందున, బూర ఊదువానిని తన యొద్దనే ఉంచుకొనెను. ఆ ధ్వని వినిన చోటికి అందరు కూడవలెను. ఇందులో ఎంత జ్ఞానమున్నది! పని మారు కాలములో టీ కొట్టు దగ్గర ఒక మాట, బోరింగు దగ్గర ఒక మాట పుట్టును. నిజమైన వార్త ఎక్కడ వినబడునో జనులకు తెలిసియుండవలెను. చెప్పుటకు క్రొత్త సంగతి లేనప్పుడు, "ఈ దినము క్రొత్తది లేదు" అని చెప్పుటయు ఒక వార్తయే.

5. లోపల కూలిన గోడ

ఐదవ అధ్యాయమునందు రాళ్ల ప్రస్తావన తక్కువ. కూలిన దొకటి లోపల కలదు. కరవు వలన పొలములు తాకట్టు పెట్టితిమి, రాజు పన్నుకు అప్పు చేసితిమి, బిడ్డలను దాసత్వమునకు ఇచ్చితిమి అని బీదలు మొరపెట్టిరి. వడ్డీ పుచ్చుకొనువారు తమ సహోదరులే. నెహెమ్యాకు కోపము వచ్చెను. అయితే కోపములో పలుకలేదు. తనలో తాను ఆలోచించుకొని అటుపిమ్మట ప్రధానులను గద్దించెను (5:7). తానును తన బంధువులును అప్పిచ్చినవారమే యని అందరి యెదుట ఒప్పుకొనెను (5:10). అధికారికి రావలసిన భోజనపు సొమ్మును పన్నెండేండ్లు తీసికొనలేదు. ఆ కాలములో భూమి కొనలేదు.

పెద్దల మీద నమ్మకము ఇక్కడనే పుట్టును, ఇక్కడనే చచ్చును. పని తగ్గినప్పుడు నష్టము ఎవరి మీద మొదట పడుచున్నదో జనులు చూచుచుందురు. నా తప్పు ఒకటి చెప్పుకొందును. ఒకప్పుడు మా గుడి కట్టుబడి నడుమ డబ్బు అయిపోయెను. జనులు అధైర్యపడుదురని రెండు నెలలు లెక్క చూపక, "అంతా బాగున్నది" అని చెప్పితిని. సంగతి బయటపడిన దినమున వారిని బాధపెట్టినది డబ్బు లేమి కాదు, నా మాట. వారి నమ్మకము మరల సంపాదించుటకు గోడ కట్టిన దానికంటె ఎక్కువ కాలము పట్టెను.

మా సహోదరికిని ఇట్టి పరీక్ష వచ్చెను. ముఠా పెద్దగా ఆమె మనిషికి దినమునకు పది రూపాయలు తీసికొనుట వాడుక. అది దొంగతనము కాదు, ఆమె తిరుగుటకు కూలి. అయినను పని తగ్గిన ఆ యేడు ఆ పది రూపాయలు విడిచెను.

6. క్రిందికి దిగలేదు

గోడ ముగియవచ్చినప్పుడు శత్రువులు నాలుగుసార్లు ఓనో మైదానమునకు రమ్మని కబురంపిరి. తాను గొప్ప పనిలో నున్నందున రాజాలనని నాలుగుసార్లు ఒకే జవాబిచ్చెను. దేవాలయములో దాగుకొమ్మని షెమయా చెప్పిన సలహాను త్రోసివేసెను. పెద్ద దాగుకొనిన పనివారు ఎక్కడ నిలుతురు? 52 దినములలో గోడ ముగిసెను (6:15). అటుపిమ్మట తన సహోదరుడైన హనానీకిని, నమ్మకస్థుడు దైవభక్తుడునగు హనన్యాకును పట్టణము అప్పగించెను (7:2). మంచి నాయకుడు తాను లేకున్నను పని నిలుచునట్లు చేయును.

ముగింపు

మరుసటి ఆదివారము మా సహోదరి అదే గుడి అరుగు మీద నిలిచి, తన ముఠాతో ఇట్లనెను: "వరికోత ఇంక మునపటిలా ఉండదు. అది నిజం. మిరపకోత రెండు నెలలు దొరికింది, ఆటో ఖర్చు సగం రైతే పెట్టుకుంటానన్నాడు. ఈ యేడు నా పది రూపాయలు వద్దు. రెండు నెలల తర్వాత ఏముంటదో నాకూ తెలియదు. తెలిసిన రోజే మీకు చెప్తాను."

ముఠా విరుగలేదు; చిన్నదాయెను. ఐదుగురు వెళ్లిరి, 17 మంది మిగిలిరి. మొదట ప్రశ్న అడిగిన స్త్రీ ఇటుకబట్టీకే పోయెను. ఆమెను బస్సు ఎక్కించుటకు మా సహోదరి తానే వెళ్లి, "తిరిగొస్తే నీ చోటు నీకుంటది" అని చెప్పి వచ్చెను. వెళ్లినవారిని నిందించక పంపుటయు, ఉన్నవారితో నిజము చెప్పి నడచుటయు పెద్దరికమే. నెహెమ్యాకు రేపు తెలియదు. తన దేవుడు తెలియును, తన యెదుటి రాయి తెలియును. మనకును ఈ దినమునకు అది చాలును.

కూడి ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ పనిలో వచ్చిన మార్పును మీరు దగ్గరగా చూచితిరా, లేక వినిన మాటలను బట్టి భయపడుచున్నారా?
2. మీ క్రింద పనిచేయువారికి మీరు చెప్పక దాచిన సంగతి ఏదైనను కలదా? ఎందుకు దాచితిరి?
3. పని తగ్గినప్పుడు నష్టము మొదట ఎవరి మీద పడుచున్నది?
4. మీ తరువాత ఆ పని చేయుటకు ఎవరిని సిద్ధపరచుచున్నారు?

ప్రార్థన: ప్రభువా, రేపు మా చేతిలో లేదు. ఈ దినపు పనిని మాకు చూపుము. మా వెనుక వచ్చువారికి నిజము చెప్పు నోటిని, వారి భారము మోయు భుజమును మాకు దయచేయుము. ఆమేన్.