ఫైన్ కట్టే ముందు ఒక మాట

చిత్తూరు



గంగజాతర కాడ జరిగిన గొడవ మీ అమ్మ చెప్పింది. ఎఫ్ఐఆర్ కాపీ కూడా చదివినాను. భారతీయ న్యాయ సంహిత 126(2), 115(2) వేసినారు. అడ్డగించినారని ఒకటి, కొట్టినారని ఒకటి. వచ్చే లోక్ అదాలత్‌లో నేరం ఒప్పుకొని వెయ్యో రెండు వేలో కట్టేస్తే పీడ వదిలిపోతుందని నీ స్నేహితులు అంటా ఉన్నారంట. ఆ మాట మాత్రం వినొద్దు నాయనా.

వకీలు గుమాస్తాగా కోర్టు వరండాలోనే బతికినోణ్ణి, చెప్తా విను. నేరం ఒప్పుకొని ఫైన్ కడితే శిక్ష పడినట్టే. జైలుకు పోకపోయినా, కట్టింది ఐదు వందలే అయినా, రికార్డులో నువ్వు దోషివి. రాజీ అట్ల కాదు. ఈ రెండు సెక్షన్లకూ రాజీ కుదురుతుంది. దెబ్బలు తిన్న పిల్లోడు కోర్టులో రాజీకి ఒప్పుకుంటే, చట్టం నిన్ను నిర్దోషిగా విడుదల చేసినట్టే లెక్కగడుతుంది. రెండూ జరిగేది లోక్ అదాలత్ రోజే. ఈ తేడా పిల్లోళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు లేరు, అందరికీ కేసు మూతపడితే చాలు. నాకు కడుపు మండేది ఇక్కడే.

నువ్వు కానిస్టేబుల్ పరీక్షకు చదవతా ఉండావు. సెలెక్టయినాక అటెస్టేషన్ ఫారం చేతికిస్తారు. అరెస్టయినావా, కేసుందా, శిక్ష పడిందా అని అడుగుతారు. రాజీ అయినా సరే, ఉన్నదున్నట్టు రాయి. ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి 1999లో దరఖాస్తు పెట్టిన ఒక పిల్లోడు, రాజీ అయిపోయిన కొట్లాట కేసును ఆ దరఖాస్తులో రాయలేదు. సుప్రీంకోర్టు వాని పక్షాన తీర్పిచ్చింది, ఇరవై ఏళ్ల వయసులో పొరపాట్లు సహజమనింది. కానీ ఆ తీర్పొచ్చింది 2011లో! పన్నెండేళ్లు పోయినాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో అదే కోర్టు, చిన్న నేరం దాచినా మన్నించే వీలుందనింది గానీ, మన్నించేదీ లేనిదీ ఉద్యోగమిచ్చేవాళ్ల చేతిలోనే పెట్టింది.

నీతో పాటు కేసులో ఉన్న మీ చిన్నాయన కొడుక్కు ఇంకా పద్దెనిమిది నిండలేదు. వాని టెన్త్ సర్టిఫికెట్ వెంటనే కోర్టులో చూపించండి. వాని విచారణ జువెనైల్ జస్టిస్ బోర్డు ముందర జరగాల. తప్పు చేసినాడని బోర్డు తేల్చినా, దానివల్ల వానికి ఏ అనర్హతా అంటకూడదని 2015 చట్టం 24వ సెక్షన్ చెప్తుంది. పెద్దోళ్లతో కలిపి వానితోనూ ఫైన్ కట్టిస్తే ఆ రక్షణ చేజారే ప్రమాదం ఉంది.

రాజీ కుదరకపోతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. దాని కింద మందలించి వదలమని అడగొచ్చు. దోషి అనే మాట దాంతో చెరిగిపోదు, అయినా ఉత్త ఫైన్ కంటే మేలు.

ముందు మీ నాయనను, ఊర్లో పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకొని ఆ పిల్లోని ఇంటికి పో. స్నేహితులను తీసుకుపోవద్దు, బెదిరించడానికి వచ్చినారనుకుంటారు. రాజీ మాట ఎత్తకుండా దెబ్బలు ఎట్లున్నాయో అడుగు, ఆస్పత్రి ఖర్చు ఇవ్వు. కొట్టింది నువ్వే కదా.

సోమవారం కాగితాలన్నీ తీసుకొని రా. వకీలు ఫీజుకని మీ నాయన ఆవును అమ్ముతానంటా ఉన్నాడంట, వద్దని చెప్పు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును పెడతారేమో, ఇద్దరం పోయి అడుగుదాం.

మీ మామ