ఇసుకగుంటలు దిద్దిన నగరము

హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ అను నగరము కలదు. కాలువలకును వంతెనలకును అది పేరుపొందినది. రెండవ ప్రపంచయుద్ధమున, 1940 మొదలు 1945 వరకు, అది జర్మనుల వశమం దుండెను. ఆ దినములలో అచ్చటి యూదులను వేలకొలదిగా చెరపట్టి, దూరదేశములకు గొనిపోయి చంపిరి. వారి యిండ్లు పాడువడెను. 1944-45 శీతకాలమున తిండియు బొగ్గును దొరకక అల్లాడిన జనులు ఆ యిండ్ల దూలములను, తలుపులను ఊడబెరికి పొయ్యిలో పెట్టుకొనిరి. దూలములు పోగా గోడలు కూలెను. యుద్ధము ముగియునప్పటికి ఆ వీధులు పండ్లూడిన నోటివలె నుండెను.

ఉన్న యిండ్లు ఇరుకు. పిల్లలు ఎక్కడ ఆడుకొందురు? పూర్వము ఆటస్థలములు లేకపోలేదు. కాని వానిలో పెక్కింటికి కంచెయు, కావలివాడును, సభ్యత్వపు రుసుమును ఉండెను. రుసుము చెల్లింపలేని యింటి బిడ్డకు వీధియే గతి.

నగరనిర్మాణ శాఖలో యాకోబా ముల్డర్ అను నామె పనిచేయుచుండెను. ప్రతి పేటలోను అందరి పిల్లలును రాదగిన చిన్న ఆటస్థల ముండవలెనని ఆమె తలంచెను. దానిని రూపొందించు పని ఆల్డో వాన్ ఐక్ అను వాస్తుశిల్పికి అప్పగింపబడెను. అప్పటి కాతనికి ముప్పదియేండ్లైనను నిండలేదు.

1947లో బెర్టెల్‌మన్‌ప్లేన్ అను చిన్న కూడలిలో మొదటి ప్రయత్నము జరిగెను. ఒక ఇసుకగుంట, అందులో నాలుగు గుండ్రని రాళ్లు, పల్టీలు కొట్టుటకు ఇనుపకమ్మీలు, కొన్ని బల్లలు, చెట్లు, అంతియే! కంచె లేదు. గుంటచుట్టును గల కాంక్రీటు గట్టును మాత్రము వెడల్పుగా కట్టిరి. దానిపై తల్లులు కూర్చుండవచ్చును. పసివారు ఇసుకతో అప్పచ్చులు చేసి అంగడి పెట్టవచ్చును.

ఏనుగు తొండమువంటి జారుడుబల్లలను మీరు పార్కులలో చూచియుందురు. వాన్ ఐక్ అట్టి బొమ్మలను పెట్టుట కిష్టపడలేదు. ఏనుగు బొమ్మ యెప్పుడును ఏనుగే. కమ్మీలతో అల్లిన అర్ధగోళమో, నేడు కొండ, రేపు కోట, ఎల్లుండి ఓడ. ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది.

ఆ కూడలిని చూచిన యితర పేటలవారు ఊరకుండలేదు. "మా వీధిలోను ఒక ఖాళీస్థలము కలదు, మాకును ఒకటి కట్టింపుడు" అని నగరపాలకులకు ఉత్తరములు వ్రాసిరి. ఏ రెండు స్థలములును ఒక్కతీరుగా లేవు. ఇరువైపుల గోడలమధ్య చిక్కిన సందొకటి, ముక్కోణపు మూల యొకటి. స్థలమునుబట్టి గుంటయు, రాళ్లును, కమ్మీలును చోటు మార్చుకొనెను. 1978 నాటికి ఇట్టివి 700లకు పైగా వెలసెను.

ఆ కాలపు నగరనిర్మాతలు ముందుగా గొప్ప పటము గీసి, ఇచ్చట ఇండ్లు, అచ్చట కర్మాగారములు, నడుమ రోడ్లు అని విభజించెడివారు. వీధిలోని చిన్నస్థలము ఆ పటములో కంటికి కనబడదు. ఉత్తరము వ్రాసిన తల్లికో, అది దినమంతయు కనబడునది. క్రొత్తగా కట్టిన శివారు పేటలలో మొదటినుండియే ఆటస్థలములకు చోటు విడిచిరి.

1970 తరువాత నియూమార్క్ట్ అను పాతపేటలో భూగర్భ రైలుకొరకు ఇండ్లు పడగొట్టబూనిరి. దానిపైన పెద్దరోడ్డు వేయవలెననియు తలంచిరి. ప్రజలు ఎదిరించిరి, 1975లో పోలీసులతో ఘర్షణలు జరిగెను. రైలు వచ్చినది గాని రోడ్డు ఆలోచన విరమింపబడెను. పాత వీధుల వరుస చెడకుండ క్రొత్త యిండ్లు కట్టిరి. వానిని రూపొందించినవారిలో వాన్ ఐక్ కూడ నుండెను.

ఖాళీస్థలములలో ఇండ్లు లేచుటచే ఆటస్థలములు పెక్కు పోయినవి. వానిలో కొన్ని మొదటినుండియు తాత్కాలికముగా ఏర్పరచినవే. మిగిలిన కొన్నింట ఆ వెడల్పు గట్లమీద నేటికిని అంగళ్లు వెలయుచున్నవి.