అలుగు – అడవిపంది

అడవి చేరువనున్న మెట్ట గ్రామములలో అడవిపందిని ఎరుగని రైతు లేడు. అలుగును చూచినవారు కొలదిమందే. రెండును రాత్రివేళ తిరుగునవే. కాని ఒకటి బెడద, మరొకటి అరుదు. పందికై పన్నిన ఉరి అలుగును విడువదు కావున, రైతులు ఈ రెండింటి తేడాను తెలిసికొనవలెను.

ఆహారము: అడవిపంది మందగా వచ్చి, ముట్టెతో నేలను పెల్లగించి వేరుశనగ కాయలను, దుంపలను తినును. మొక్కజొన్న, చెరకు పైరులను విరిచి త్రొక్కును. అలుగు పైరును ముట్టదు. దానికి పండ్లే లేవు. బలమైన గోళ్లతో పుట్టలను త్రవ్వి, జిగురుగల పొడవైన నాలుకతో చీమలను, చెదలను తినును. చెదలు మెట్ట పైరులకు శత్రువులు. కావున అలుగు రైతునకు మిత్రము.

సంతతి: అడవిపంది సుమారు నాలుగు మాసములు చూలు మోసి, సాధారణముగా నాలుగు నుండి ఆరు పిల్లలను ఈనును. అలుగు ఈతకు ఒక్క పిల్లనే పెట్టి, దానిని తోకపై మోసికొని తిరుగును. అందుచేత పందుల లోటు త్వరలో తీరును; అలుగుల లోటు అంత సులభముగా తీరదు.

నేటి స్థితి: అలుగు బెదరినపుడు బంతివలె చుట్టుకొనును. క్రూరమృగముల కోరలకు లొంగని ఆ పెంకులు మనుష్యుని నుండి దానిని కాపాడలేవు. పెంకులలో మందుగుణము కలదను నమ్మకముతో దానిని చంపుచున్నారు. నిజమునకు అవి మన గోళ్లవంటి పదార్థమే. అలుగుల అంతర్జాతీయ వ్యాపారమును 2016లో దేశములు కూడి నిషేధించినవి. ప్రపంచ జాబితాలో అలుగు అంతరించు ప్రమాదమున్న జంతువు. అడవిపందికి ఆ భయము లేదు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టములో అలుగు మొదటి షెడ్యూలునందు కలదు. అడవిపంది 2022 సవరణతో రెండవ షెడ్యూలున చేరినది. పంటను పాడుచేయు పందిని అధికారముగల అధికారి వ్రాతపూర్వకమైన అనుమతితో వేటాడవచ్చును. పంటనష్టము పేర అలుగును చంపుటకు అనుమతి లేదు.

రైతులు చేయవలసినవి:
1. కరెంటు తీగలు, ఉరులు, నాటుబాంబులు పెట్టరాదు. రాత్రి నీరు కట్టబోవు మనుష్యులు, పశువులు కూడ ఆ తీగలకు బలియగుదురు.
2. వేరుశనగ చుట్టును నాలుగు వరుసలు ముండ్ల కుసుమను, మొక్కజొన్న చుట్టును ఆముదమును దగ్గరగా విత్తవలెను.
3. కాయ ఊరునప్పుడు, కంకి పాలుపోసికొనునప్పుడు ఇరుగుపొరుగు రైతులు వంతులవారీగా కావలి కాయవలెను.
4. అలుగు కనబడినచో దారి విడువవలెను. గాయపడి యున్నచో అటవీశాఖవారికి తెలుపవలెను.

పంటను కాచుకొనుట రైతు హక్కు. ఆ కాపుదలలో మిత్రము ప్రాణము పోకుండ చూచుకొనిన, చెదను తిను జంతువు మన చేలకు మిగులును.