చెడిన హార్డు డిస్కునుండి లెక్కలను రాబట్టుకొనుట



చిట్టా, ఆవర్జాలు బీరువాలో బైండు పుస్తకములుగా నుండిన కాలమున మనకు చెదపురుగు భయము, వాన భయము మాత్రమే యుండెడివి. 2022 జూన్ 29వ తేదీన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు సుమారు 63,000 కంప్యూటరీకరింపబడుటకు కేంద్ర మంత్రివర్గ మనుమతించినది. పెద్ద పద్దులు కేంద్ర యంత్రములలో నుండినను, పాసుపుస్తకముల నకళ్లు, పంట ఛాయాచిత్రములు, మట్టి పరీక్షల కాగితములు మన బల్లమీది చిన్న పెట్టెలోనే యుండుచున్నవి. అది చెడిన దినమున చేయదగిన దానికంటె చేయరానిదే యెక్కువ.

ఇది నాకు నష్టపడిన పిమ్మటగాని తెలియలేదు. వన్ టౌనులో కురుపాం మార్కెటు దాపుననున్న గదిలో నా డిస్కు బల్లపైనుండి జారిపడినది. తగిలింపగా టిక్కు టిక్కుమని శబ్దమయ్యెను. నేను తొందరపడి పదిమార్లు తీసి తగిలించితిని. తరువాత నొక మరమ్మతు దుకాణమువాడు మూతనే విప్పెను. ఆరేండ్ల మట్టి ఫలితములు పోయినవి. పూర్వమొక మిత్రునికి పంపియుండిన రెండేండ్లవి మాత్రము తిరిగి దొరికినవి.

ఎందుకిట్లగును? పెట్టెలో అద్దమువలె మెరయు పళ్లెములు తిరుగుచుండును. అనేక డిస్కులలో వాని వేగము నిమిషమునకు 5,400 చుట్లు. వానిపై చదువు ముల్లు కొన్ని నానోమీటర్ల యెత్తున, గాలిపై తేలుచుండును. మన వెండ్రుక మందము దానికి వేలకొలది రెట్లు. ముల్లు దెబ్బతినియున్నచో, ప్రతి మారు విద్యుత్తు నిచ్చినప్పుడును అది పళ్లెమును గీచును. గీచినచోట నున్న అక్షరములను ఏ నిపుణుడును తేలేడు. మూత తీయగా లోపల పడిన ధూళికణము నాగటి కర్రుకు తగిలిన బండరాయి వంటిది.

కావున మొదట చెవి నుపయోగింపుడు. శబ్దమేమియు లేక, డిస్కు కనబడకున్నచో వేరొక తీగ, వేరొక యు.ఎస్.బి. రంధ్రము, వేరొక కంప్యూటరుతో చూడుడు. అనేకమార్లు దోషము తీగదే. పాత రకపు రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లే యిచ్చుటచే చాలక పోవుటయు కలదు.

డిస్కు కనబడియు, ఫార్మాటు చేయుమా యని కంప్యూటరు అడిగినచో వలదనుడు. దానిపై మరమ్మతు ప్రోగ్రాములను నడపకుడు, క్రొత్త ఫైలు నొక్కటియు వ్రాయకుడు. అంతకంటె పెద్దదగు వేరొక డిస్కుపైకి మొత్తమును నకలు తీయవలెను. ఉచితముగా లభించు డీడీరెస్క్యూ అను ప్రోగ్రాము బాగున్న భాగములను ముందు తీసికొని, చెడిన చోట్లకు పిమ్మట మరలివచ్చును. నకలుపైననే టెస్ట్‌డిస్కు, ఫోటోరెక్ అనువానిని ప్రయోగింపవలెను. రోగి మీద కాదు, రోగి పటముమీద పరీక్ష!

టిక్కుటిక్కు, గరగర వినబడినచో వెంటనే తీగ లాగి, మరల తగిలింపక, శుభ్రగదిగల ప్రయోగశాలకు పంపుడు. శీతలపెట్టెలో నుంచుమను వైద్యమును నమ్మకుడు, లోపల తేమ చేరును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖను తాకినప్పటివలె నీరు చొచ్చినచో, తడిసిన డిస్కుకు విద్యుత్తు నీయరాదు, ఎండలో నారబెట్టరాదు. ఉప్పు పళ్లెములపై గట్టిపడును. తడిగనే బిగువైన సంచిలో కట్టి పంపవలెను.

ఆశ వదలనక్కరలేదు. 2003 ఫిబ్రవరి 1న కూలిన కొలంబియా అంతరిక్షనౌక శిథిలములలో దొరికిన కాలిన డిస్కునుండి నిపుణులు సుమారు 99 పాళ్లు రాబట్టిరి. పళ్లెములు వంగక నిలిచినవి.

ప్రయోగశాలకిచ్చునపుడు ఫీజెంతో, ఏమియు దొరకనిచో నేమి పుచ్చుకొందురో ముందే వ్రాయించుకొనుడు. సభ్యుల ఆధారు నకళ్లున్నచో గోప్యతయు వ్రాయింపవలెను.

ఇప్పుడు నేను ప్రతి శనివారమును రెండు డిస్కులలో నకలు తీయుచున్నాను. ఒకటి ఈ గదిలోనే బీరువాలోనున్నది, రెండవది అనకాపల్లిలో మా తమ్ముని యింట నున్నది.