తాతయ్య బుల్లెట్టుకు ఏ రంగు వెయ్యాలి?

తణుకు,
అక్టోబరు 9.

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీర్వదించి రాయునది.  

తాతయ్య బుల్లెట్టు విప్పేశానని నువ్వు పంపిన ఫొటోలు చూసి చాలా సంతోషించానమ్మా. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయించాలా, స్ప్రే పెయింట్ వేయించాలా అని అడిగావు. దీపావళికల్లా బండి తయారవ్వాలనీ అన్నావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, సగం మర్చిపోతావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. పని అయ్యేదాకా దగ్గరుంచుకో.

ముందు నా మాట చెప్పేస్తాను. ఈ ఫ్రేముకు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద టూ-కే పి.యు. నలుపు వేయించు. పౌడర్ కోటింగ్ వద్దు. ఈ ముసురులో అసలు పని మొదలుపెట్టొద్దు. ఎందుకో వివరంగా రాస్తాను.

రంగు ఎంచేముందు ఆ ఇనుము ఎక్కడ బతికిందో చూడాలి. 1968లో తాతయ్య కొన్న ఈ బండి చివరి ఏళ్లన్నీ కొల్లేరు పక్కనున్న ఆకివీడు దగ్గర చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో గడిపింది. కొల్లేరు మంచినీటి సరస్సే అయినా, వేసవిలో నీటిమట్టం పడిపోగానే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు. తాతయ్య వెనక సీటుకు చేపల బుట్ట కట్టుకుని తిరిగిన రోజుల్లో ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఆ ఫ్రేము మీదే కారేవి. కాబట్టి నీకు పైకి కనిపిస్తున్న తుప్పు ఒకటే శత్రువు కాదు. ఆ తుప్పు గుంటల అడుగున ఉప్పు దాక్కుని ఉంటుంది. ఎంత ఖరీదైన రంగు వేసినా, అడుగున ఉప్పుంటే గాలిలోని తేమను రంగు పొర గుండా లోపలికి లాక్కుంటుంది. ఆర్నెల్లు తిరక్కుండానే చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. మన కొల్లేటి బండ్ల రంగు ఎక్కువగా చెడేది ఇలాగే.

అందుకని ముందు శాండ్ బ్లాస్టింగ్ చేయించు. ఇసుక బదులు కాపర్ స్లాగ్ గానీ గార్నెట్ గానీ వాడే షాపు చూసుకో. ఇసుక ధూళి పీల్చే కుర్రాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మన బండి మెరవడం కోసం ఇంకొకరి ఊపిరి పాడుచెయ్యకూడదు. యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు తీస్తామంటే ఒప్పుకోకు. గొట్టాల లోపలికీ అతుకుల సందుల్లోకీ దూరిన యాసిడ్ ఎంత కడిగినా పూర్తిగా రాదు. రంగు వేసిన చాలా నాళ్లకు అతుకు దగ్గర గోధుమరంగు చారలా బయటికి కారుతుంది. బ్లాస్టింగుకు ఇచ్చేముందు హ్యాండిల్ బేరింగు కప్పులు కూర్చునే చోటు, మరలన్నీ, స్వింగ్ ఆర్మ్ బుష్షులు గట్టి టేపుతో, రబ్బరు బిరడాలతో నువ్వే మూసెయ్యి. చాసిస్ నంబరు మీద మాత్రం రెండు పొరలు అంటించు. దాని సంగతి కింద విడిగా రాశాను.

బ్లాస్టింగు అయ్యాక ఫ్రేమును మంచినీళ్లతో బాగా కడుగు. మీ ఇంటి బోరు నీళ్లు వాడకు, వాటిలోనే ఉప్పుంది. తాగే నీళ్ల టిన్నులు రెండు తెప్పించుకో. కడిగిన వెంటనే కంప్రెసర్ గాలి కొట్టి, ఎండలో ఆరబెట్టి, ఒక రాత్రి లోపల ఉంచు. పొద్దున్నే గుంటల్లోకి చూడు. ఒళ్లంతా పల్చగా పసుపెక్కితే అది గాలిలోని తేమ పని, కంగారు పడకు. గుంటల్లో మాత్రమే నల్లటి మచ్చలు లేచి చెమర్చినట్టు కనిపిస్తే అక్కడింకా ఉప్పుందని అర్థం. మళ్లీ కడిగి, ఆరబెట్టి, ఇంకోసారి తేలిగ్గా బ్లాస్ట్ చేయించు. మచ్చలు రానంతవరకు ప్రైమర్ డబ్బా మూత తియ్యకు. శుభ్రమని తేలాక మాత్రం ఆ రోజే ప్రైమర్ పడాలి. మన గాలిలో ఒట్టి ఇనుము సాయంత్రానికే రంగు మారుతుంది.

ప్రైమరుకు ముందు ఇంకో పనుంది. ఒట్టి ఇనుము కనిపించే అవకాశం మళ్లీ ఎన్నేళ్లకో గానీ రాదు. హ్యాండిల్ తల దగ్గర, సైడు స్టాండు అతికిన చోట, స్వింగ్ ఆర్మ్ ఇరుసు చుట్టూ భూతద్దం పెట్టి చూడు. వెంట్రుకవాసి పగులున్నా అక్కడే దొరుకుతుంది. అనుమానముంటే డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించు. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగులున్న చోట ఎర్రగీత తేలుతుంది. వెల్డింగు పనేదైనా ఉంటే ఇప్పుడే అయిపోవాలి. ఫ్రేము వంకర ఉందేమో కూడా ఇప్పుడే కొలిపించు.

ఇక ప్రైమర్. మన ఊళ్లో ఎవర్నడిగినా ముందు రెడాక్సైడ్ అంటారు. గేట్లకూ కిటికీ ఊచలకూ అది చాలు. బండి ఫ్రేము మీద పెట్రోలు పడుతుంది, ఇంజనాయిలు పడుతుంది, చైను విసిరే గ్రీజు పడుతుంది. వాటికి రెడాక్సైడ్ మెత్తబడుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, నీటినీ ఆయిలునూ లోపలికి పోనివ్వదు. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. రెండో డబ్బాలోని హార్డనర్ ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందన్న మాట నమ్మకు, పెళుసుబారుతుంది. ఎచ్ ప్రైమర్ వేసి దాని మీద ఎపాక్సీ వేస్తామని కొందరంటారు. ఎచ్ ప్రైమరులోని యాసిడ్‌కీ ఎపాక్సీకీ పొసగదు. ఏదో ఒకటే వెయ్యాలి. మనకు ఎపాక్సీ.

పైరంగులో నీ ముందు నాలుగు దారులున్నాయి. మొదటిది సింథటిక్ ఎనామెల్. చవక, బ్రష్షుతోనూ వెయ్యొచ్చు. పెట్రోలు బొట్టు పడితే ముడతలు పడుతుంది, నలుపు కొన్నాళ్లకే వెలిసిపోతుంది. రెండోది ఎన్.సి. లేకర్, మన పెయింటర్లు డ్యూకో అనేది. 1923లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఓక్లాండ్ కార్లకు దీన్ని వాడి, వారాలు పట్టే రంగు పనిని గంటల్లోకి తెచ్చారు. థిన్నర్ ఆవిరైతే చాలు, ఆరిపోతుంది. దాని గొప్పా అదే, లోపమూ అదే. ఎన్నేళ్లయినా థిన్నరు తగిలితే మళ్లీ కరుగుతుంది, పెట్రోలుకు మెత్తబడుతుంది. తేమ గాలిలో వేస్తే పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. ట్యాంకు మీద దాని లోతైన మెరుపు అందమే గానీ ఫ్రేముకు పనికిరాదు.

మూడోది నువ్వడిగిన పౌడర్ కోటింగ్. అది చెడ్డ పని అనను. కొత్త ఇనుముకు, సైకిలు స్టాండుకు, గేటుకు దానంత గట్టిది లేదు. పొడిని విద్యుత్తుతో అంటించి 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మన ఫ్రేముకు మూడు ఇబ్బందులున్నాయి. గుంటలు పడ్డ చోట లప్పం పెట్టాలి, మామూలు లప్పం ఆ వేడికి నిలవదు. అతుకుల్లో ఏళ్ల తరబడి ఇంకిన ఆయిలు ఆ వేడికి ఆవిరై పొరలో సూదిబెజ్జాలు చేస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రాయి తగిలి ఒకచోట పెచ్చు లేచిందంటే, దాని కింద నీరు పాకుతూ పోతుంది. పైన నలుపు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద తుప్పు ఇనుమును తినేస్తూ ఉంటుంది. పాడైన చోటు మాత్రమే బాగుచేద్దామంటే కుదరదు, మొత్తం గీకి మళ్లీ కాల్చాల్సిందే. పైగా దళసరి పొర చాసిస్ నంబరు అంచుల్ని పూడ్చేస్తుంది.

నాలుగోది టూ-కే పి.యు., అంటే హార్డనర్ కలిపే పాలీయురెథేన్. ఆరాక థిన్నరుకు కరగదు, పెట్రోలుకు లొంగదు, ఎండకు తొందరగా వెలిసిపోదు. గుంటలున్నచోట ఎపాక్సీ మీద పల్చగా లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, మళ్లీ ఎపాక్సీ పట్టించి దీన్ని వెయ్యొచ్చు. గీత పడితే ఆ చోటు వరకే రుద్ది మన తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో ఏ మంచి పెయింటరైనా బాగుచెయ్యగలడు. ప్రైమర్, పైరంగు కలిపి 100 నుంచి 150 మైక్రాన్లుంటే చాలు. దళసరిగా వేస్తే బోల్టు బిగించిన చోట నలిగి పగులుతుంది. ఇంజను బిగించే చోట్లా, ఎర్తు వైరు తగిలే చోటా పైరంగు పడకుండా టేపు వేయించు.

టూ-కే హార్డనరులో ఐసోసయనేట్లుంటాయి. రంగు కొట్టేటప్పుడు లేచే ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే మళ్లీ కొంచెం పీల్చినా ఊపిరాడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. బయటి గాలి అందించే మాస్కు ఉన్న షాపులోనే వేయించు. ఖర్చు కాస్త ఎక్కువైనా పరవాలేదు. ఇంటి పెరట్లో నువ్వే గన్ను పట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోను. పాత రంగు గీకేటప్పుడు కూడా పొడిగా రుద్దకు, ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది. తడిపి రుద్దు, పిల్లలు తిరిగేచోట ఆ పని పెట్టుకోకు.

ఇప్పుడు ఋతువు సంగతి. 1947లో ఆంధ్రా షుగర్స్ వచ్చిన దగ్గర్నుంచీ మన ఊరు పంచదారతోపాటు రసాయనాలకూ అలవాటుపడింది. ట్యాంకులకు, పైపులైన్లకు రంగు వేసేవాళ్ల మధ్యే నేను పని నేర్చుకున్నాను. వాళ్లు రెండు లెక్కలు తప్పేవారు కాదు. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు వెయ్యకూడదు. ఇనుము వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. ధనుర్మాసంలో పొద్దున పూట ఇనుము మీద మంచు నిలుస్తుంది. మే నెల ఎండలో రంగు గన్ను నుంచి ఫ్రేముకు చేరేలోపే ఆరి గరుకుగా పడుతుంది. సంక్రాంతి వెళ్లాక శివరాత్రి లోపు, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య వేయించు. ఆరాక వారం పది రోజులు బోల్టులు బిగించకు. పైకి ఆరినట్టున్నా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది.

ఫ్రేము లోపలి గోడల్ని కూడా చూసుకోవాలి. స్టీలు గొట్టాలతో విమానాల ఒళ్లు కట్టిన రోజుల్లో గొట్టాల లోపల అవిసె నూనె పోసి, తిప్పి, ఒంపేసేవారు. నువ్వూ అదే చెయ్యి. కాచిన అవిసె నూనె పోసి ఫ్రేమును అన్ని వైపులా తిప్పి వంపెయ్యి. తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడెయ్యకు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పారెయ్యి. ఈ పని రంగు పూర్తిగా ఆరాకే. ముందు చేస్తే బెజ్జాల్లోంచి కారిన నూనె మీద ప్రైమర్ పట్టదు.

ఇంక నలుపే ఎందుకంటావా? 1955లో మద్రాస్ మోటార్స్ వారూ ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డు వారూ కలిసి పెట్టిన ఎన్‌ఫీల్డ్ ఇండియా, తిరువొత్తియూరులో తయారుచేసిన బండి ఇది. 1970కల్లా ఇంగ్లండు కంపెనీలో బండ్ల తయారీ ఆగిపోయినా మద్రాసులో బుల్లెట్టు ఆగలేదు. మన బండి ఫ్రేము నల్లటిది. నమ్మకం కుదరకపోతే సీటు కింద, టూల్ బాక్సు వెనక ఎండ తగలని చోట చూడు, అసలు రంగు అక్కడ మిగిలే ఉంటుంది. ఆ చోట్లను గీకేముందు ఫొటో తీసుకో. మరీ అద్దంలా మెరిసే నలుపు అడక్కు, ఆ కాలపు పొయ్యిలో కాల్చిన ఎనామెల్ మెరుపు కాస్త నెమ్మదిగా ఉండేది. ట్యాంకు జోలికి మాత్రం వెళ్లకు. దాని మీది బంగారు గీతలు చేత్తో గీసినవి. వెలిసినా సరే అవే ఉండనీ. ఫ్రేముది ఇనుమును కాపాడే రంగు, పోతే మళ్లీ వెయ్యొచ్చు. ఆ గీతలు పోతే మళ్లీ రావు.

చివరగా చాసిస్ నంబరు. గీకడం, రుద్దడం, దాని మీద లప్పం పెట్టడం, మళ్లీ గుద్దించడం, ఏదీ చెయ్యనివ్వకు. పని మొదలుపెట్టకముందే దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని ఆర్.సి.తో కలిపి దాచు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. అప్పుడు పెట్టిన లెక్కల ప్రకారం కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటు మీద ‘వి.ఎ.’ అక్షరాలు. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో గానీ ఇంజనులో గానీ మార్పు చేసి ఉండకూడదు. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ రోడ్డెక్కించడం కుదరదు. తీసుకోవాలా వద్దా అన్నది తర్వాత ఆలోచిద్దాం. తీసుకునే హక్కు మాత్రం ఇప్పుడు పోగొట్టుకోకు. ఫ్రేము మీద కొత్త క్లాంపులు అతికించడం, అక్కర్లేదని పాత కొనలు కోసేయడం వద్దని మెకానిక్కుకు గట్టిగా చెప్పు.

అమ్మలూ, నీకు తొందరగా ఉందని తెలుసు. యాభై ఏళ్లకు పైగా మన ఇంటిని మోసిన ఇనుము ఇంకో మూడు నెలలు ఆగగలదు. ఈలోగా ఫ్రేముకు పల్చగా ఆయిలు పూసి, గుడ్డ చుట్టి, నేల తగలకుండా ఇంట్లో పెట్టు. ఆ ఆయిలును బ్లాస్టింగుకు ముందు పూర్తిగా కడిగించు. రంగుకని దాచిన డబ్బులో సగానికి పైగా ఇనుము శుభ్రం చెయ్యడానికే పెట్టు. పైన ఏ కంపెనీ డబ్బా వాడినా నాకు పట్టింపు లేదు. అడుగున ఉప్పు మిగలకపోతే ఈ రంగు నిన్నూ నీ తర్వాతివాళ్లనూ చూస్తుంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య.