పెదవుల లేపనము – పరిమళ తైలములు

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మా హోసూరు ప్రాంతమున చలిగాలి వీచును. ఉదయము ప్రార్థన వేళ ముందు వరుసలో నిలుచు చిన్న పిల్లలను చూచినచో పలువురి పెదవులు పగిలి, పొరలు లేచి కనిపించును. పాట పాడుటకు నోరు తెరచుటయే వారికి కష్టము. ఈ బాధ తగ్గించుటకై మేము చేతిపనుల తరగతిలో తేనెమైనముతో పెదవుల లేపనమును చేసితిమి. అంగళ్ళలో 'లిప్ బామ్' అను పేర అమ్మునది ఇట్టిదే. దీనిని చేయుట సులభము. కాని దానికి సువాసన కూర్చుటలో మేము రెండు పర్యాయములు పొరపడితిమి. విద్యార్థులారా! ఆ పొరపాట్లు మీ యింట జరుగకుండుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

పెదవులు ఏల పగులును?

మన చర్మమును కాపాడుటకు చెమట గ్రంథులును, తైల గ్రంథులును కలవు. పెదవుల ఎఱ్ఱని భాగమున చెమట గ్రంథులు లేవు. తైల గ్రంథులును సామాన్యముగా ఉండవు. అచటి చర్మము మిక్కిలి పలుచన. కనుక చలిగాలికి దానిలోని తేమ త్వరగా ఆరిపోవును. నాలుకతో తడుపుకొన్నచో క్షణకాలము హాయిగా ఉండును. కాని ఆ తడి ఆరిన పిదప పెదవి మునుపటికంటె ఎక్కువగా ఎండిపోవును. ఉమ్మిలోని జీర్ణరసములును దానిని బాధించును.

లేపనము చేయు పని యొక్కటే. మైనమును, నూనెయు పెదవిపై పలుచని పొరగా నిలిచి, లోని తేమను బయటకు పోనీయవు. సువాసన ఈ పనికి తోడ్పడదు. అది మన ముచ్చట కొరకే. కాబట్టి ముచ్చట కొరకు వేసినది మేలును చెరుపరాదు. ఈ పాఠమునకు ఇదియే మూలసూత్రము.

చేయు విధము

తేనెమైనము 10 గ్రాములు, కొబ్బరినూనె 15 గ్రాములు, ఆముదము 15 గ్రాములు తూచి చిన్న గిన్నెలో వేయవలెను. ఆ గిన్నెను వేడినీళ్ళు గల పెద్ద గిన్నెలో ఉంచి కాచవలెను. నేరుగా మంటపై పెట్టరాదు. మైనము సుమారు 62 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి వద్ద కరగును. అంతయు కరిగిన పిదప గిన్నెను దించి, కొంచెము వేడి తగ్గనిచ్చి, అంచున మైనము పేరుకొన నారంభించినప్పుడు పరిమళ తైలమును వేసి కలిపి, పొడిగానున్న చిన్న డబ్బాలలో పోయవలెను. మిక్కిలి వేడిగా నున్నప్పుడు వేసినచో సువాసన ఆవిరియై పోవును. పిల్లలు ఈ పనిని పెద్దల యెదుటనే చేయవలెను.

మా మొదటి పొరపాటు

పిల్లలు అనాసపండు వాసన కోరిరి. కేకులలో వాడు అనాస ఎసెన్సును తెప్పించి, తీపి కొరకు పంచదారను గూడ వేసితిమి. చల్లారిన పిదప చూడగా పంచదార ఇసుకవలె అడుగున నిలిచెను. ఎసెన్సు బొట్లు బొట్లుగా విడిపోయెను. ఇట్టి ఎసెన్సులు పెక్కింటిని నీటిలోగాని, ప్రొపిలీన్ గ్లైకాల్ అను ద్రవములోగాని కలిపి చేయుదురు. అవి నూనెలో కలియవు. పంచదారయు నూనెలో కరగదు. పైగా నీరు చేరిన లేపనమునకు బూజు పట్టు ప్రమాదము కలదు.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. గాజు గ్లాసులో కొంచెము కొబ్బరినూనె పోసి, రెండు చుక్కల ఎసెన్సు వేసి కలిపి, కొంతసేపు కదపక ఉంచుడు. అడుగున బొట్లు నిలిచినచో అది లేపనమునకు పనికిరాదు.

మరియొక విషయము గమనించితిమి. తీపి లేపనమును పూసికొన్న పిల్లలు దానిని నాకుచునే యుండిరి. నాకుట మాన్పుటకు చేసినది నాకుటకే కారణమాయెను! కనుక లేపనమునకు తీపి కూర్చకుడు.

మా రెండవ పొరపాటు

తరువాత నూనెలో కలియు పుదీనా జాతి తైలమును, అనగా పెప్పర్‌మింటు తైలమును తెచ్చితిమి. వాసన చాలలేదని 40 గ్రాముల లేపనమునకు 30 చుక్కలు వేసితిమి. పూసికొన్న ఒక బాలిక పెదవులు మండి, ఎఱ్ఱనై, రెండు దినములు ఆమె కారము తినలేకపోయెను. అప్పుడుగాని మాకు లెక్క జ్ఞప్తికి రాలేదు. ఒక మిల్లీలీటరునకు సుమారు 20 చుక్కలు. కాబట్టి 30 చుక్కలు ఒకటిన్నర మిల్లీలీటరు. అనగా నూటికి మూడు పాళ్ళకు పైమాట. నూటికి అరపాలు చాలును. 40 గ్రాములకు అది 4 చుక్కలే.

పుదీనా చల్లదనమును గూర్చియు తెలిసికొనుడు. దానిలోని మెంథాల్ పెదవిని చల్లబరచదు. చలిని తెలుపు నాడీగ్రాహకమును మేల్కొలుపును. ఆ గ్రాహకమును 2002 సం.న కనుగొనిరి. వేడిని, చలిని, స్పర్శను మనము ఎట్లు గ్రహింతుమో కనుగొన్నందులకు డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్ అను శాస్త్రజ్ఞులకు 2021 సం.న వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. కావున చల్లగా తోచినంత మాత్రమున పుండు మానుచున్నదని భ్రమపడరాదు.

సీసాపై పేరు చదువుడు

అంగడిలో మూడు విధములైన సీసాలు దొరకును. 'ఫ్లేవర్ ఆయిల్' తినుబండారములకు రుచి కూర్చునది. నూనెలో కలియునదియైనచో తగును. 'ఎసెన్షియల్ ఆయిల్' మొక్కలనుండి తీసినది. మిక్కిలి ఘాటైనది గనుక చుక్కలు లెక్కించి వాడవలెను. 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్' కొవ్వొత్తులకును, సబ్బులకును వాడునది, పెదవులకు తగదు.

మూడు భాషల నడుమ నివసించు మనకు ఇంకొక చిక్కు కలదు. తెలుగున లవంగమనగా మొగ్గ. తమిళమున దానిని కిరాంబు అందురు. ఇలవంగప్పట్టై యనగా మన దాల్చినచెక్క. పేరు పోలికచే ఒకటి అడిగి వేరొకటి తెచ్చుకొనవచ్చును. దాల్చిన తైలము పెదవులను తీవ్రముగా మండించును; లవంగ తైలమును మండించునదే. ఈ రెండింటిని మేము వాడము. నిమ్మతొక్కను పిండి తీసిన తైలము పూసికొని యెండలో తిరిగినచో చర్మము కమలును. ఆ వాసన కావలెనన్నచో తీపినారింజ తైలము మేలు.

తల్లిదండ్రులకు మనవి

క్రొత్త లేపనమును మొదట మోచేతి లోపలివైపున కొంచెము రాసి ఒక దినము చూడుడు. దద్దురుగాని దురదగాని కలిగినచో మానుడు. తైలపు సీసాలను పిల్లలకు అందని చోట దాచుడు. నీలగిరి తైలము, కర్పూర తైలము కొంచెము మ్రింగినను పసివారికి ప్రాణాపాయము. పసిబిడ్డల ముక్కు చెంత పుదీనా తైలము రాయరాదు. పెదవులు పగిలి నెత్తురు వచ్చుచున్నప్పుడు ఏ సువాసనయు లేని లేపనమే శ్రేష్ఠము.

ఈ ధనుర్మాసమున మా పిల్లలకు పంచిన డబ్బాలలో సగము వాసన లేనివే. తొలుత వానిని ఎవరును కోరలేదు. ఆ బాలిక మాత్రము ముందుగా వచ్చి దానినే అడిగి తీసికొనెను.

అభ్యాసము

1. పెదవులను నాలుకతో తడుపుకొనుట ఏల హానికరము?
2. 60 గ్రాముల లేపనమునకు ఎన్ని చుక్కల తైలము వేయవలెను?
3. మీ యింటి వంటగదిలోని సుగంధద్రవ్యముల పేర్లను తెలుగు, తమిళము, కన్నడములలో వ్రాయుడు. పేరు ఒకటై వస్తువు వేరైనవి ఏవి?